వెనక చక్రాల బరువు

జారింది బండా, తానా?

ఈ ప్రశ్న చిన్నపుల్లయ్యను నిన్న సాయంత్రం వఫ్రా రోడ్డు మీద పట్టుకుంది. ఇవాళ పొద్దెక్కినా వదల్లేదు. ఎద్దుల బండికి నొగ ఉన్నట్టు క్యారవాన్‌కు ముందు భాగాన ఇనుప చట్రం ఒకటి చాచుకుని ఉంటుంది. దాని మీద కూర్చుని, టీ గ్లాసు చేతిలో పెట్టుకుని, తాగడం మరచి, అతను ఆ ప్రశ్ననే అటు తిప్పీ ఇటు తిప్పీ చూస్తున్నాడు. బండి జారిందంటే దానికి మందుంది. పానా ఉంది, జాకీ ఉంది, షువైఖ్‌లో మెకానిక్ ఉన్నాడు. తాను జారాడంటే ఆ మాట ఎవరితో చెప్పాలి?

కువైట్‌లో ఇంటి డ్రైవరు నోట రాకూడని మాటలు కొన్ని ఉంటాయి. కళ్ళు మసకేశాయని అనకూడదు. నడుము పట్టేసిందని అనకూడదు. బండి నడుపుతూ ఉండగా ఒక క్షణం తాను ఎక్కడున్నాడో తెలియలేదని అసలే అనకూడదు. అన్నవాడికి కఫీల్, అంటే వీసా ఇచ్చి తెచ్చుకున్న యజమాని, విమానం టికెట్ కొనిస్తాడు. తిరుగు ప్రయాణం లేని టికెట్.

నిన్న జరిగింది పెద్దదేమీ కాదు. చలికాలం రాగానే కువైటీలు ఎడారిలో గుడారాలు వేసుకుంటారు. ఏడాదంతా ఏసీ గదుల్లో ఉన్నవాళ్ళు చలిమంట చుట్టూ కూర్చుని తాతల కాలం నాటి గాలి పీల్చుకుంటారు. ఆ గాలి పీల్చుకోవడానికి జనరేటరు కావాలి, నీళ్ళ ట్యాంకు కావాలి, సోఫాలు కావాలి, పెద్ద టీవీ కావాలి. వీటన్నిటినీ నింపిన క్యారవాన్‌ను పికప్‌కు తగిలించుకుని, అతను మిష్రిఫ్‌లోని ఇంటి నుంచి దక్షిణాన వఫ్రా వైపు బయలుదేరాడు. పక్క సీట్లో ఆ ఇంటి వంటమనిషి తిరుపాలమ్మ. వఫ్రా తోటలు ఇంకా కొంత దూరం ఉండగా, గాలికి రోడ్డు మీద ఇసుక పలచగా పరుచుకున్న చోట, ముందు పోతున్న గడ్డి లారీ నెమ్మదించింది. అతను బ్రేకు తొక్కాడు. ముందు చక్రాలు మాట విన్నాయి. వెనక చక్రాలు వినలేదు. పికప్ నడుము దగ్గర మెలి తిరిగి పక్కకు జారింది. వెనక నుంచి క్యారవాన్ బరువంతా దాన్ని తోసింది. అద్దంలో రోడ్డు కనబడాల్సిన చోట క్యారవాన్ గోడ కనబడింది. అతని కాలు బ్రేకును వదిలింది. తాను వదలమన్నట్టు అతనికి గుర్తు లేదు. బండి అటూ ఇటూ ఊగి, తనంతట తానే దారికి వచ్చింది.

తిరుపాలమ్మ అరవలేదు. ఒడిలో ఒలికిన ఉడకబెట్టిన శనగలను ఒక్కొక్కటే ఏరి గిన్నెలో వేసుకుంది. బండెక్కింది మొదలు నోరు మూయని మనిషి, ఆ తర్వాత గుడారాల దాకా ఒక్క మాట మాట్లాడలేదు.

ఎవరికీ ఏమీ కాలేదు. కానీ ఆ లారీ ఎప్పుడు ఎదుటికి వచ్చిందో అతనికి జ్ఞాపకం లేదు. పెట్రోలు బంకు జ్ఞాపకం ఉంది. తర్వాత లారీ వెనకనున్న ఎర్ర దీపాలు జ్ఞాపకం ఉన్నాయి. ఆ రెంటి నడుమ ఉండాల్సిన రోడ్డు లేదు. చూడకుండా నడిపాడా, చూసి మరిచాడా? తాను లేని చోటును మనసు తానే వెతుక్కోవడం ఎలా?

"చిన్నన్నా, ఆ టీ తాగేదానికా, మొగం కడుక్కునేదానికా?"

తిరుపాలమ్మ వచ్చి ఎదురుగా నిలబడింది. రాయచోటి పక్కన అతనిదీ ఆమెదీ పక్కపక్క ఊర్లు. అక్కడ ఒకరినొకరు ఎరగరు. ఇక్కడ ఒకే వంటింటి గడప దగ్గర అన్నాచెల్లెళ్ళయ్యారు.

"తాగుతాలేమ్మా."

"తొందరగా తాగు. మల్ల పొయ్యి ముట్టించేది లేదు. సామాన్లు సర్దమనింది మామా." కువైటీ ఇళ్ళల్లో పనివాళ్ళు యజమానురాలిని మామా అనీ, యజమానిని బాబా అనీ పిలుస్తారు.

"యాల? నిన్ననే గదా వచ్చినాం!"

"బాబాకు ఈ తావు నచ్చలేదంట. పక్క గుడారమోళ్ళు రాత్రంతా డప్పులు కొట్టినారంట. పాపం, కంటి మింద కునుకు లేదంట."

"కునుకు లేనిది బాబాకా?"

రాత్రి ఇంటి కారులో బాబా స్నేహితులను సాల్మియా నుంచి తెచ్చిందీ, వాళ్ళకు ఐసూ మాంసమూ తెచ్చిందీ, తిరిగి ఇళ్ళ దగ్గర దిగబెట్టిందీ చిన్నపుల్లయ్యే. ఆమెకూ తెలుసు. నవ్వు ఆపుకోవడానికి పైట చెంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

"అయన్నీ మనం అనుకోగూడదులే. వాళ్ళ తమ్ముడు సుబియాలో గుడారమేసినాడు గదా, ఆడికే పోవాలంట. సాయంత్రం అసర్ నమాజు కాంగానే బయలుదేరాల. ఇంగో మాట, పిల్లోల్లు ఇద్దురూ మన బండ్లోనే వచ్చారంట. యూసుఫ్ అయితే బుల్లయ్య పక్కన తప్ప కూచోనని ఒకటే ఏడుపు."

పుల్లయ్యలోని మొదటి అక్షరం ఆ ఇంట్లో ఎవరి నోటికీ రాదు. అరబ్బులందరికీ అతను బుల్లయ్యే.

ఆమె గిన్నెల దగ్గరికి వెళ్ళిపోయింది. అతను ఉత్తరం వైపు చూశాడు. దేశానికి ఈ కొస వఫ్రా, ఆ కొస సుబియా. నడుమ నగరం మొత్తం దాటాలి. నగరం దాటాక సముద్రం మీద పొడుగాటి వంతెన. ఆ వంతెన మీద గాలికి అడ్డం లేదు. క్యారవాన్ గోడ ఆ గాలికి తెరచాపలా నిలబడుతుంది. దాని ముందు పికప్, పికప్‌లో పిల్లలు.

మనిషిని అడగడం కంటే బండిని అడగడం సులువు. అతను లేచి, మోకాళ్ళ మీద వంగి, పికప్‌నూ క్యారవాన్‌నూ కలిపే హిచ్ వైపు చూశాడు.

పికప్ వెనకనున్న ఇనుప గుండు మీద క్యారవాన్ నొగ కూర్చుంటుంది. ఒట్టి గుండు మీదే కూర్చుంటే బరువంతా వెనక చక్రాల మీద పడి తోక కుంగుతుంది, మూతి లేస్తుంది. మూతి లేచిన బండి స్టీరింగు మాట వినదు. అందుకే దీనికి బార్లు పెట్టారు. గుండు దగ్గర నుంచి రెండు ఉక్కు బార్లు నొగ కిందుగా వెనక్కి పోతాయి. వాటి కొసలకు గొలుసులున్నాయి. ఆ గొలుసులను పైకి లాగి నొగకున్న కొక్కేలకు తగిలిస్తే బార్లు విల్లులా వంగుతాయి. ఆ వంపు తోకను పైకెత్తి, బరువులో కొంత పికప్ ముందు చక్రాలకూ కొంత క్యారవాన్ చక్రాలకూ పంచుతుంది. గొలుసు ఎన్ని లంకెలు పైకి లాగితే పంపకం అంత ఎక్కువ. ఉన్న బరువు తగ్గదు. మోసేవాళ్ళు మారతారు, అంతే.

బార్లు బాగానే ఉన్నాయి. గొలుసులు తెగలేదు. గుండు తాళం గట్టిగా ఉంది. బండి తాను ఏ తప్పూ చేయలేదన్నట్టు, తోక కొంచెం కూడా కుంగకుండా, నిటారుగా నిలబడి ఉంది. బండిలో తప్పు లేకపోతే తప్పు ఎక్కడుందో తెలిసిపోయినట్టే.

అయినా ఒకసారి అడిగి చూద్దామని షువైఖ్‌కు ఫోన్ చేశాడు. ఈ హిచ్‌ను బిగించిన మెకానిక్ నూర్ బాషాది కడప. మామా అల్లుడా అని పిలుచుకోవడానికి వాళ్ళిద్దరికీ కడప జిల్లా తప్ప వేరే చుట్టరికం లేదు.

"ఏం మామా! ఇన్నాళ్ళూ ఫోనే లేదు. సచ్చిపోయినావేమో అనుకుంటి."

"సచ్చింటే నీకు చెప్పకుండా పోతానా అల్లుడా."

"సరే, ఏం ఇరగ్గొట్టినావో చెప్పు."

"ఏం ఇరగలా. నిన్న ఇసక మింద బ్రేకేస్తే తోక జారింది."

అవతల పానాల చప్పుడు ఆగింది. "జారింది క్యారవానా, పికప్పా?"

"పికప్పే. ఎనక చక్రాలు."

"గొలుసు యాడికి లాగినావు?"

"తోక లేసేదాకా."

"లేసేదాకా అంటే?"

"ఖాళీ బండి ఎంత ఎత్తుంటాదో అంత. జానా నాలుగేళ్ళు."

టైరుకూ పైనున్న మడ్‌గార్డుకూ మధ్య సందును జానతో కొలవడం చిన్నపుల్లయ్య పద్ధతి. ఏది తగిలించినా వెనక సందు మళ్ళీ జానా నాలుగు వేళ్ళకు వచ్చేదాకా గొలుసు లాగుతాడు. ఏడాదికేడాది క్యారవాన్‌లో సామాను పెరిగింది. గొలుసులు కూడా పైకి పోతూ వచ్చాయి. వెనక సందు మాత్రం మారలేదు.

"మామా," అన్నాడు నూర్ బాషా మెల్లగా, "ముందు చక్రం కొలిచినావా?"

"ముందుదెందుకు కొల్చేది? కుంగేది ఎనక గదా!"

"తలనొప్పి అంటే డాక్టరు చెయ్యి పట్టుకోని చూడడా? నేను బిగించిన పొద్దు చెప్పినా గదా, ముందు చక్రం కొలువు, ముందు చక్రం కొలువు అని!"

"నువ్వు ఆ పొద్దు మొత్తం బిర్యానీ గురించి చెప్పినావు."

"అదీ చెప్పినా, ఇదీ చెప్పినా. నీకు బిర్యానీ గుర్తుండాది. పో, ఇప్పుడు కొలువు. నేను ఫోను పెట్టను."

అతను ముందుకు వెళ్ళి ముందు చక్రం మీద చేయి పరిచాడు. బొటనవేలు టైరును తాకింది. చిటికెనవేలు మడ్‌గార్డును తాకింది. మధ్యలో ఇంకేమీ పట్టదు.

"సరిగ్గా జాన."

"ఖాళీ బండికి జానా రెండేళ్ళుంటాది. సూడు, ఎనకది లేపేదానికి ముందుదాన్ని అణగ్గొట్టినావు. ముందు పక్క ఖాళీ బండి ఎంతుంటాదో అంతకి వచ్చేదాకానే లాగాల. ఎనక కొంచెం కుంగే ఉండాల మామా. నువ్వు ఎనక టైర్ల మింద బరువంతా తీసి పారేసినావు. బరువు లేని కాలు నేలనెట్టా పట్టుకుంటాది?"

"బండి నెట్టగా నిలబడాలని..."

"నెట్టగానే నిలబడింది. కాళ్ళే ఊనలేదు. రెండు పక్కలా రెండేసి లంకెలు దింపు. తోక కుంగుతాది. సూడలేకపోతే కండ్లు మూసుకో."

"అదేం పెండ్లికూతురా, కండ్లు మూసుకోని సాగనంపేదానికి."

"నీ బండిని నువ్వు పెండ్లికూతురు కంటే ఎక్కువ సూసుకుంటావు, నాకు తెలీదా. ఉంటా మామా, మా సేఠ్ సూచ్చాండాడు."

బండే జారింది. తాను కాదు. చిన్నపుల్లయ్య జాకీ తిప్పి నొగను పైకెత్తాడు. నొగతో పాటు పికప్ తోక కూడా లేచి, గొలుసులు వదులయ్యాయి. రెండు పక్కలా రెండేసి లంకెలు దింపి తగిలించి, చీలలు దోపి, జాకీని కిందికి తిప్పాడు. తోక నెమ్మదిగా కుంగింది. ముందుకు పోయి చేయి పరిచి చూశాడు. జానా రెండు వేళ్ళు. వెనక మాత్రం జాన మీద నాలుగో వేలు కాదు గదా, మూడోది కూడా పట్టలేదు. చల్లారిన టీని నీళ్ళలా తాగేశాడు. నిన్నటి నుంచి గొంతు దిగిన మొదటి పదార్థం అదే.

కుంగిన తోక వైపు చూస్తూ నిలబడ్డాడు. అది కుంగితే తనకెందుకు అంత బాధ? అతని నాయన వేరుశనగ మూటలను బండిలో సర్దేటప్పుడు ఎద్దుల మెడల మీద కాస్త బరువు ఆనేట్టే చూసేవాడు. మెడలు మరీ తేలికైతే కాడి పైకి లేచి, బండి వెనక్కి తిరగబడుతుంది. ఇది తనకు తెలియని సంగతి కాదు. తెలిసినదాన్ని జాలి మింగేసింది. ఆ జాలి ఒట్టి పికప్ మీదిదేనా? భారంతో వంగిన దాన్ని చూడలేని మనిషి తన వంపును ఎంత జాగ్రత్తగా దాచుకుని ఉంటాడు! భార్య వెంకటేశ్వరి సాల్మియాలో ఇంకో ఇంట్లో పనిచేస్తుంది. శుక్రవారం సెలవు దొరికితే ఇద్దరూ అక్కడ సముద్రం ఒడ్డున సిమెంటు గోడ మీద కూర్చుంటారు. ఎట్టుండావని ఆమె అడుగుతుంది. బాగుండా అంటాడు. నువ్వెట్టుండావని అతను అడుగుతాడు. బాగుండా అంటుంది. ఆ మాట అనేటప్పుడు ఇద్దరూ నడుము నిటారుగా పెట్టుకుంటారు.

"బుల్లయ్యా! లేష్ నాజిల్?"

యజమాని అబూ ఫహద్ గుడారంలోంచి వచ్చి, బండి తోక వైపు వేలు చూపిస్తున్నాడు. ఎందుకు కుంగిందని అడుగుతున్నాడు. అరబ్బీలోకి కొంత హిందీ కలిపి, అది అలాగే ఉండాలనీ, మెకానిక్‌ను అడిగి చేశాననీ చిన్నపుల్లయ్య చెప్పాడు. అబూ ఫహద్ తల పక్కకు వంచి చూశాడు. తమ్ముడి గుడారం ముందుకు ఇలా తోక ఈడ్చుకుంటూ వెళ్ళడం ఆయనకు నచ్చలేదు. అయినా సరేనన్నాడు. పోతూ పోతూ వెనక్కి తిరిగి, పిల్లలు నీతో వస్తారు, నీ చేతిలో ఉంటే నాకు భయం లేదు అన్నాడు.

ఆ మాట అన్నాయన లోపలికి వెళ్ళిపోయాడు. మాట మాత్రం బయటే నిలబడింది.

చిన్నపుల్లయ్య మళ్ళీ నొగ మీద కూర్చున్నాడు. బండి జారిందన్నది నిజం. కానీ బండి జారిందన్న నిజం, తాను జారలేదనడానికి సాక్ష్యమవుతుందా? ఒక తప్పు దొరికితే వెతకడం ఆపేయడం మనసుకు అలవాటు. దొరికిన తప్పు వెనక దొరకని తప్పు హాయిగా కూర్చుంటుంది. గొలుసులు సరిచేశాడు. పెట్రోలు బంకుకూ ఎర్ర దీపాలకూ నడుమ ఉండాల్సిన రోడ్డు మాత్రం ఇంకా తిరిగి రాలేదు. దాన్ని చూసిన మనిషి ఇంకొకరు ఉన్నారు.

తిరుపాలమ్మ గుడారం వెనక గిన్నెలను పాత దుప్పట్లలో చుట్టి పెట్టెలో పెడుతోంది.

"తిరుపాలమ్మా, ఒక మాట అడుగుతా. నిజం చెప్పాల."

"అబద్ధమైతే అప్పటికప్పుడు చెప్తా. నిజానికి కొంచెం టైమియ్యి," అంటూ తలెత్తింది. అతని మొహం చూసి నవ్వు ఆపేసింది.

"నిన్న, ఆ లారీకి ముందర... నేను మేలుకోనుంటినా?"

ఆమె చేతిలోని గిన్నెను దుప్పట్లో చుట్టింది. చుట్టిందాన్ని విప్పింది. మళ్ళీ చుట్టింది.

"నీకు తెలీదా అన్నా?"

"తెలిస్తే అడుగుతానా."

"కండ్లు తెరుసుకోనే ఉంటివి. సూపు లేదు. శనగలు తింటావా అంటి. పలకలా. చిన్నన్నా అంటి. పలకలా. లారీ దగ్గరికొచ్చాండాది. నీ మోకాలి మింద గట్టిగా సరిచినా. అప్పుడు తొక్కినావు బ్రేకు."

అతను తన మోకాలి వైపు చూసుకున్నాడు. ఆ దెబ్బ ఆ మోకాలికి గుర్తుందేమో. అతనికి లేదు.

"మల్ల నాతో చెప్పలేదే?"

"చెప్పి ఏం జేచ్చాం? చెప్తే నువ్వు కుమిలిపోతావు. మామా చెవిన పడితే నిన్ను పంపించేచ్చారు. నువ్వు పోతే ఇంగొకడొచ్చాడు. వాడెట్టాంటోడో ఏమో. నేను పక్కన కూచ్చోని మాట్లాడతా ఉంటే గడిచిపోతాదిలే అనుకుంటి."

"అంటే... ఇంతకు ముందు కూడానా?"

ఆమె కొంచెం కోపంగా అంది. "పోయినేడు నుంచీ నేను చేచ్చాండేది అదే గదా. నాకేమన్నా మాటల పిచ్చా? మా ఊర్లో అడుగు, తిరుపాలమ్మ నోట్లో నాలికే లేదంటారు. ఈ బండెక్కినాక చెప్పిన కతే చెప్పి, పాడిన పాటే పాడి, నా గొంతు పోయింది. నువ్వేమో ఇదేందిరా సామీ ఈయమ్మ వసపిట్ట అని మొగం పెడ్తావు."

నిజంగానే అతను అలా మొహం పెట్టేవాడు. ఆమె కోడిపిల్లల కథ, ఆమె మేనత్త సవతి కథ, సూపర్‌మార్కెట్‌లో ఉల్లిగడ్డల ధర. అవన్నీ ఒక ఆడమనిషి ఊసుపోక చెప్పే మాటలనుకుని, ఓర్చుకుంటున్నానని తనను తాను మెచ్చుకున్నాడు. తెల్లవారుజామున పిల్లల బడులు, పగలంతా దుకాణాలు, రాత్రి విందులు. ఈ బరువును తానొక్కడే మోస్తున్నాననుకున్నాడు. అందులో కొంత ఏడాదిగా ఆ పక్క సీట్లో కూర్చుని ఉంది.

"ఇప్పుడేమంత అయిందిలే," అంది తిరుపాలమ్మ, కోపం దిగి. "అసర్ దాకా టైముండాది. ఆ క్యారవాన్ నీడన ఒక కునుకు తియ్యి. నేను లేపుతా. దావలో గట్టి టీ పోచ్చా. ఇద్దురు పిల్లోల్లు కూడా ఉంటారు, ఇంగ సందడికేం తక్కువ?"

ఆ మాటలో ప్రేమ ఉంది. ఒప్పుకుంటే సరిపోతుంది. ఒక కునుకు, ఒక టీ, ఆమె కథలు. ఇన్నాళ్ళూ గడిచినట్టే ఈ సాయంత్రమూ గడిచిపోవచ్చు. గడవకపోవడానికి ఒక్క క్షణం చాలు, ఆ క్షణంలో తాను అక్కడ ఉండడు. తాను లేని చోట జరిగేదానికి తాను ఎలా మాట ఇవ్వగలడు? నీ చేతిలో ఉంటే భయం లేదన్నాడు ఆ తండ్రి. ఆ చేతిని నడిపేవాడు నిన్న కొంతసేపు ఇల్లు వదిలి పోయాడని ఆ తండ్రికి తెలియదు.

చెప్తే ఏమవుతుందో అతను స్పష్టంగానే చూశాడు. ఇంటి పని వీసా ఒక గుమ్మానికి కట్టిన తాడు. ఆ గుమ్మం వద్దంటే దేశమే వద్దన్నట్టు. తాను వెళ్ళిపోతాడు, వెంకటేశ్వరి సాల్మియాలోనే ఉండిపోతుంది. శుక్రవారం సాయంత్రం ఆమె ఆ సిమెంటు గోడ దాకా వచ్చి, ఒక్కతే కూర్చుంటుందో, రావడమే మానేస్తుందో. పొద్దు పోయే వయసులో ఇద్దరికీ మిగిలిన కాపురం ఆ గోడ మీదిదే. అదే ఇవాళ పోవచ్చు. పోవచ్చునని తెలిసే వెళ్ళాలి. పోదులే అని సర్దిచెప్పుకుని వెళితే, అది కూడా గొలుసును ఇంకో లంకె పైకి లాగినట్టే అవుతుంది.

"యాడికి పోతాండావు?" అంది తిరుపాలమ్మ.

"బాబా దగ్గరికి."

"వద్దన్నా!" ఆమె లేచి నిలబడింది. గిన్నె దొర్లిపోయింది. "నీకు దండం పెడ్తా. వదిన మొగం చూడు. ఈ ఒక్క పొద్దు గడిస్తే..."

"ఈ ఒక్క పొద్దే గడవకపోతే?"

అతను ఆగి, "నీ గొంతు పోయిందంటివే, ఈ సాయంత్రం దానికి సెలవు," అన్నాడు. ఆమె ఏడ్చిందో నవ్విందో వెనక్కి తిరిగి చూడలేదు. చూస్తే కాళ్ళు ఆగిపోతాయని భయం.

పికప్‌లోంచి తాళం తీసుకున్నాడు. పెద్ద గుడారం ముందు చెప్పులు విడిచాడు. లోపల అబూ ఫహద్ దిండుకు ఆనుకుని గహ్వా, అరబ్బుల కాఫీ, తాగుతున్నాడు. యూసుఫ్ తండ్రి కాళ్ళ దగ్గర బొమ్మ కారుతో ఆడుకుంటూ, బుల్లయ్య అని అరిచి చేయి ఊపాడు. చిన్నపుల్లయ్య తివాచీ మీద మోకాళ్ళు ఆన్చి, తాళాన్ని గహ్వా పళ్ళెం పక్కన పెట్టాడు.

అబూ ఫహద్ తాళం వైపు చూశాడు, మనిషి వైపు చూశాడు. "శినూ?" ఏమిటన్నాడు.

"అనా తాబాన్, బాబా."

అలసిపోయాను. అరబ్బీలో అంత చిన్న మాట. ఈ దేశానికి వచ్చిన మొదటి వారంలోనే ప్రతి పనిమనిషీ నేర్చుకుంటాడు, యజమాని ముందు మాత్రం పలకడు. అబూ ఫహద్ నవ్వాడు. అందరం అలసిపోయాం, రాత్రి ఆ డప్పులకు నాకూ నిద్ర లేదు, ఒక ఫింజాన్ కప్పు గహ్వా తాగు, సర్దుకుంటుందన్నాడు. గహ్వా పోయడానికి కూజా ఎత్తాడు.

చిన్నపుల్లయ్య చేయి చాచలేదు.

"నిన్న బండి నడుపుతూ నిద్రపోయాను, బాబా. తిరుపాలమ్మ లేపింది. ఇదే మొదటిసారి కాదు. ఇవాళ క్యారవాన్ నేను లాగను. పిల్లల్ని ఎక్కించుకోను."

కూజా గాలిలోనే ఆగింది. అబూ ఫహద్ కూజాను మెల్లగా కింద పెట్టి, కొడుకును దగ్గరికి లాక్కుని ఒళ్ళో కూర్చోబెట్టుకున్నాడు. ఆయన మొహంలో కోపం వస్తోందో, భయం పోతోందో చెప్పడం కష్టం. ఫోన్ తీసి తమ్ముడి పేరు వెతుకుతూ, తలెత్తకుండానే, నీ సంగతి రేపు మాట్లాడదాం అన్నాడు. చిన్నపుల్లయ్య లేచాడు. చెప్పులు వేసుకుని, క్యారవాన్ నీడ పడిన చోటికి నడిచి, చాప పరుచుకుని, పట్టపగలు, అందరికీ కనబడేట్టు పడుకున్నాడు.